క, ఎక్సు, ఏటి

మొన్న కాశీబుగ్గ బస్టాండు ఎదురుగా టీ తాగుతున్నాను. కొట్లో టీవీలో ఒక స్వామీజీ కూర్చుని, అణువు సంగతి మన ఋషులు ఎప్పుడో చెప్పేశారనీ, తెల్లవాళ్ళు మన తాటాకులు పట్టుకుపోయి పేర్లు మార్చి మళ్ళీ మనకే అంటగడుతున్నారనీ సెలవిస్తున్నారు. టీ కొట్టతను గ్లాసులు కడుగుతూనే నా వైపు తిరిగి, "మీ బావగోరు గుర్తొచ్చేరు మాస్టారూ" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. బావ పోయి ఏడాది దాటింది. ఉండి ఉంటే ఆ టీవీ ముందు నిలబడి, టీ చల్లారిపోయేదాకా స్వామీజీతో దెబ్బలాడేవాడు. అంతకు కొన్నేళ్ళ ముందైతే ఆ కుర్చీలో కూర్చుని అవే మాటలు తనే చెప్పేవాడు. ఆ బావ ఈ బావగా ఎలా మారాడన్నదే నాకు గుర్తున్న కథ.

బావ అంటే మా అక్క మొగుడు. మా వైపు అక్కని అప్ప అంటాం, ఇక్కడా అలాగే రాస్తాను. ఆయన టెక్కలిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాడు. నేను అదే కాలేజీలో తెలుగు చెప్పేవాణ్ణి. లోకం తీరు ప్రకారం పురాణాలని నేను వెనకేసుకురావాలి, సైన్సుని ఆయన. మా దగ్గర అది తిరగబడింది. పెరటి చెట్టు మందుకి పనికిరాదన్నట్టు ఎవరి సరుకు వాళ్ళకి ఆనేది కాదు. పురాణాలన్నీ పాఠాలుగా చెప్పీ చెప్పీ నాకు వాటి మీద భక్తి పోయింది. ఆయనకి ఫిజిక్సు చెప్పీ చెప్పీ పురాణాల మీద భక్తి పుట్టింది.

జీడితోటల సీమ మా ఉద్దానం. అక్కడ మా ఊరి నుంచి పలాస దాకా ఆయన స్కూటరు మీద, అక్కణ్ణుంచి టెక్కలి దాకా బస్సులో రోజూ కలిసే వెళ్ళేవాళ్ళం. ఆ స్కూటరు పక్కకి పూర్తిగా వంచితే గానీ స్టార్టయ్యేది కాదు. వంచుతూ, "సమంగా ఉన్నంతసేపూ ప్రకృతి కదల్దు బావా, ఒంగితేనే సృష్టి" అనేవాడు. నేను ఆయనకి బావమరిదినైనా నన్నూ బావా అనే పిలిచేవాడు. బస్సెక్కాక సృష్టి ఊపందుకునేది. నందిగాం వచ్చేసరికి బ్రహ్మాండం పుట్టి, నక్షత్రాలు ఏర్పడి, శివుడు ఢమరుకం వాయించడం పూర్తయ్యేది. కండక్టరు "టెక్కలి, టెక్కలి" అని అరిచేసరికి సరిగ్గా ప్రళయం వచ్చేది. మాట్లాడేటప్పుడు కళ్ళద్దాలు తీసి ఎదుటివాడి మొహం ముందు ఊపేవాడు, మనకి అర్థం కాకపోతే తప్పంతా ఆ అద్దాలదే అన్నట్టు.

జేబులో ఎప్పుడూ వేయించిన జీడిపప్పు ఉండేది. ఒక పప్పు తీసి బొటనవేలి గోరుతో రెండు బద్దలు చేసి, "ద్వైతం" అనేవాడు. రెండూ నోట్లో వేసుకుని, "అద్వైతం" అనేవాడు. మరి విశిష్టాద్వైతం ఏదని ఒకసారి అడిగాను. నోరు తెరిచి పంటి సందులో ఇరుక్కున్న ముక్క చూపించాడు.

బ్రహ్మాండం గుడ్డు ఆకారంలో ఉందన్న పాత మాటని మాత్రం ఒప్పుకునేవాడు కాదు. ఆయన లెక్కలో అది జీడిపండు. "దేవుడు లోపలున్నాడు, లోపలున్నాడని అందరూ గుడ్డు పగలగొట్టి సూత్తన్నారు. ఏటున్నాది? సొన. అదే జీడిపండు సూడు. పిక్క బయట ఏలాడతాది. పండు తిన్నోడికి పిక్క దొరకదు. పిక్క కొరికినోడికి మూతి కాలతాది. దేవుడూ అంతే బావా." ఋషులు ఉద్దానం రాలేదు కాబట్టి గుడ్డు దగ్గర ఆగిపోయారని, వచ్చి ఉంటే వేదాంతం ఇంకోలా ఉండేదని ఆయన నమ్మకం.

ఈ నమ్మకాలు క్లాసులోకి కూడా వచ్చేవి. కాంతి కొన్నిసార్లు అలలాగా, కొన్నిసార్లు రేణువులాగా నడుచుకుంటుందని పుస్తకంలో ఉంది. బావ దానికి అర్ధనారీశ్వరుణ్ణి జోడించాడు. ఆ ఏడు పరీక్షలో కాంతి స్వభావాన్ని వివరించమంటే మా కాలేజీ పిల్లలు కొందరు అర్ధనారీశ్వరుడి బొమ్మ వేసి, భాగాలు కూడా గుర్తించి వచ్చారు. ప్రిన్సిపాలు పిలిచి చీవాట్లు పెడితే, "బొమ్మ బాగా ఎయ్యలేదేటి సార్?" అని అడిగాడట.

ఇంట్లోనూ అదే వరస. అక్కుపల్లి నుంచి పోలమ్మ అని ఒకామె మా వీధికి చేపలు తెచ్చేది. ఒక ఆదివారం ఆమె తట్ట దించీ దించకముందే బావ అందుకున్నాడు. బ్రహ్మదేవుడికి ఒక పగలంటే మనకి నాలుగు వందల కోట్ల పైచిలుకు సంవత్సరాలని, ఈ మధ్య తెల్లవాళ్ళు లెక్క కట్టిన భూమి వయసూ సుమారుగా అంతే వచ్చిందని చెప్పాడు. పోలమ్మ శ్రద్ధగా విని, "అయితే ఆయనకి సేపలు ఎప్పుడు తేవాల బాబూ? పొద్దున తెత్తే మజ్జానానికే కుళ్ళిపోవా?" అంది.

బావ నవ్వీ నవ్వీ అరుగు మీద కూలబడ్డాడు. లోపల్నుంచి అప్ప, "ముందా సేపలు ఇలాగిచ్చీయ్ పోలమ్మా. ఆయన మాట ఇంటే అవి బెమ్మకీ ఉండవు, మాకీ ఉండవు" అంది.

తొంభైల చివర్లో ఆయనకి పెద్ద దెబ్బ తగిలింది. పేపర్లో ఒక వార్త పడింది. విశ్వం వ్యాపించడం మందగించట్లేదట, అంతకంతకూ వేగం పుంజుకుంటోందట. ఇలాగే పోతే అది మళ్ళీ ముడుచుకునే ఆశ లేదట. బావ సిద్ధాంతమంతా నిలబడింది ఆ ముడుచుకోవడం మీదే. బ్రహ్మకి పొద్దుపోతే ప్రళయం, తెల్లారితే సృష్టి, అలా వస్తూ పోతూ ఉండాలి. నేను ఆ పేపరు భద్రంగా మడిచి బస్సులో ఆయన ఒళ్ళో పెట్టి, "బావా, మీ ప్రళయం రద్దయిపోయింది" అన్నాను.

అద్దాలు పెట్టుకుని చదివాడు. తీసి మళ్ళీ చదివాడు. "అయితే ఇంక ఎనక్కి రాదేటి?" అన్నాడు.

"రాదంట."

"మరి బెమ్మకి తెల్లారేదెలాగ?"

ఆ తర్వాత టెక్కలి దాకా మాట లేదు. మర్నాడూ లేదు. స్టాఫ్ రూములో ఆయన వాలకం చూసి, ఎవరైనా పోయారేమోనని తోటి లెక్చరర్లు నన్ను పక్కకి పిలిచి అడిగారు. బ్రహ్మ పోయాడని చెప్పలేక ఒంట్లో బాగాలేదన్నాను.

ఆయన నోరు మూసుకుంటే బస్సు ప్రయాణం ఇంత పొడుగని నాకప్పుడే తెలిసింది. ఊరుకోలేక నాకు తెలిసిన ముక్క ఒకటి బయటికి తీశాను. "ఒక పాత మంత్రం ఉంది బావా. ఈ సృష్టి చేసిన దేవుడెవరు, మేం హోమం చెయ్యాల్సింది ఎవరికి అని అడుగుతూ పోతారు. వెనకొచ్చినవాళ్ళు ఆ ఎవరు అన్న మాటనే దేవుడికి పేరు పెట్టేశారు. సంస్కృతంలో ఎవరు అంటే కః. ఆయన పేరు క. అది తెలివో, పొరపాటో నాకు తెలీదు."

నడుస్తున్న బస్సులో బావ లేచి నిలబడ్డాడు. "మరలా సెప్పు" అన్నాడు. మరలా చెప్పాను. "అంటే ఆళ్ళకీ తెల్దు. తెల్దని తెలిసి, ఆ తెలీకపోడానికే దణ్ణం పెట్టారు." కండక్టరు కూర్చోమంటున్నా కూర్చోలేదు. "ఎక్సు కిరణానికి ఆ పేరెందుకొచ్చిందో తెలుసా? అదేటో కనిపెట్టినాయనికి తెలీక. లెక్కల్లో తెలీనిదానికి ఎక్సు పెడతాం గదా, అదే పెట్టీసినాడు. ఇప్పుడు విశ్వాన్ని తోస్తన్నదేటో తెలీక సీకటి శక్తి అంటన్నారు. ఋషులికి క. తెల్లోళ్ళకి ఎక్సు. మనకేటి?"

"ఏటి?" అన్నాను నేను.

"అదే" అన్నాడు బావ. "ఏటి."

ఆ రోజు నుంచి ఆయన మతం మారింది. అంతకు ముందు ఏ కొత్త సంగతి విన్నా, "ఇది మనోళ్ళకి ముందే తెలుసు" అనేవాడు. ఇప్పుడు అంతే గర్వంగా, "ఇది మనోళ్ళకీ తెల్దు" అనడం మొదలుపెట్టాడు. ఇన్నాళ్ళు చెప్పినదానికి సిగ్గుపడ్డట్టు గానీ, సర్దిచెప్పుకున్నట్టు గానీ ఎక్కడా కనిపించలేదు. చొక్కా మార్చుకున్నంత సుళువుగా మార్చేసుకున్నాడు.

ఆ మతానికి పరీక్ష కూడా జరిగింది. బెజవాడ వైపు నుంచి ఒక పెద్దాయన కాలేజీ తనిఖీకి వచ్చారు. మేం ఏమిటిని ఏటి అంటామని ఆయనకి తెలీదు. ఆయన వైపు ఏటి అంటే ఏరుకి సంబంధించినదే, ఏటి ఒడ్డు, ఏటి నీళ్ళు. నేరుగా బావ క్లాసుకే వెళ్ళారు. బోర్డు మీద పెద్ద అక్షరాలతో మూడు మాటలున్నాయి: క, ఎక్సు, ఏటి. ముందు బెంచీలో ఉన్న సోంపేట పిల్లని లేపారు.

"అమ్మాయ్, ఆ మూడోది ఏమిటి?"

"ఏటి, సార్."

"సరేనమ్మా, ఏ ఏరు?"

"ఏరు కాద్సార్. ఏటి."

"నేనడిగేదీ అదే. ఏమిటి?"

"అవున్సార్, అదే."

పెద్దాయన మొహం ఎర్రబడింది. వెనక నిలబడ్డ ప్రిన్సిపాలు మొహం తెల్లబడింది. బావ ముందుకొచ్చి, ఆయనకి జీడిపప్పు అందిస్తూ, "ఇద్దరూ కరెక్టే సార్. మీది ఏమిటి, మాది ఏటి. మీ కాడ మధ్యలో ఒక్క మి ఎక్కువున్నాది, అంతే" అన్నాడు. ఆయన పప్పు తీసుకోలేదు. వెళ్తూ వెళ్తూ, ఫిజిక్సు క్లాసులో నీటిపారుదల గురించి ఎందుకు చెప్తున్నారని ప్రిన్సిపాలుని గట్టిగా అడిగారట. నెలల తరబడి స్టాఫ్ రూములో బావని ఇరిగేషన్ డిపార్ట్‌మెంటు అని పిలిచాం.

ఆ నవ్వులు సాగుతూండగానే పోలమ్మ కొన్నాళ్ళు చేపలు తేవడం మానేసింది. వాళ్ళాయన కాళ్ళు వాచి మంచం పట్టాడు. మా ఉద్దానంలో ఆ మాట వింటే ఎవరూ ఇంకేమీ అడగరు. ఇక్కడ కిడ్నీలు పోతాయి. షుగరు లేనివాళ్ళకి, తాగుడు లేనివాళ్ళకి, పొద్దస్తమానూ తోటల్లో కష్టపడేవాళ్ళకి, నడుం వంగకముందే పోతాయి. ఎందుకో ఎవరికీ తెలీదు. పోలమ్మ మొగుడు పోయాడు. ఆ మరుసటి ఎండాకాలం బావ చెప్పులు ఆయన కాళ్ళకి పట్టలేదు.

విశాఖపట్నం తీసుకెళ్ళాం. పరీక్షలన్నీ చేశాక డాక్టరుగారు కాగితాలు ముందేసుకుని, రెండు కిడ్నీలూ బాగా దెబ్బతిన్నాయన్నారు. బావ ఆయన్ని ఒక్కటే అడిగాడు. "ఎందుకంటారు?"

"మీ ప్రాంతం కేసుల్లో కారణం ఏమిటన్నది ఇంకా తెలియదండీ" అన్నారాయన. మంచివాడు, తల దించుకుని చెప్పారు.

బయటికొచ్చాక బావ మెట్ల మీద ఆగి, "సూసావా బావా, నా జబ్బు కూడా మన సిలబస్సులోదే" అన్నాడు. ఆయన మాటకి నేను నవ్వకపోవడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది, ఆటో కోసం చూస్తున్నట్టు అటు తిరిగి నిలబడ్డాను.

ఆ తర్వాత గమనిస్తే ఆయనలో ఒక సంగతి మారింది. అంతవరకు ఏటి అన్నది ఆయనకి దణ్ణం పెట్టి ఊరుకునే మాట. ఇప్పుడు దానికి జవాబు కావాల్సి వచ్చింది. సీసాలు పట్టుకుని మా ఊళ్ళకి పరిశోధన బృందాలు వచ్చేవి. ఒకరు నీళ్ళన్నారు, ఒకరు మట్టన్నారు, ఒకరు తోటల్లో కొట్టే మందులన్నారు, ఇంకొకరు ఎండ అన్నారు. ఓపికున్నంతకాలం బావ స్కూటరు వంచి స్టార్టు చేసుకుని వాళ్ళ జీపుల వెనకాల తిరిగాడు. ఓపిక పోయాక వాళ్ళనే అరుగు దగ్గరికి పిలిపించుకునేవాడు. రక్తం అడక్కముందే చొక్కా చెయ్యి మడిచేవాడు. "సావుకి భయం లేదు బావా. ఏటో తెలీకుండా సచ్చిపోడం పరువు తక్కువ. ఇన్నేళ్ళు ఫిజిక్సు సెప్పినోణ్ణి" అనేవాడు.

వెటకారం మాత్రం పోలేదు. డయాలసిస్‌కి వెళ్ళొచ్చి, "క్షీరసాగర మథనం జరిగింది. విషం తీసీసినారు. అమృతం మాత్రం ఎవడో పట్టుకుపోతన్నాడు" అనేవాడు. ఎన్నికలకి వచ్చినవాళ్ళు బావుల నీళ్ళు తాగొద్దనీ, గెలిస్తే పైపులేయించి ఏటి నీళ్ళు తెస్తామనీ చెప్పి వెళ్ళారు. "ఏటి నీళ్ళు? ప్రశ్నా జవాబూ ఒక్క మాటలోనే పెట్టీసినారు" అన్నాడు.

ఆయన్ని నిజంగా కోపంలో చూసింది ఒక్కసారే. సోంపేట నుంచి ఒక సిద్ధాంతిగారు వచ్చారు. బావకి పాత స్నేహితుడు. విశ్వానికీ వేదానికీ ముడిపెట్టే రోజుల్లో ఇద్దరూ అదే అరుగు మీద పొద్దుపోయేదాకా కూర్చునేవారు. అప్పే కబురు పెట్టి పిలిపించింది. ఆయన కళ్ళు మూసుకుని, వేళ్ళు లెక్కపెట్టి, "పూర్వజన్మ కర్మ. శాంతి చేయిస్తే ఉపశమిస్తుంది" అన్నారు. ఊరుకోకుండా, "మీకు తెలియనిదేముంది, కారణం లేనిదే కార్యం లేదని మీ సైన్సూ ఒప్పుకుంటుంది కదా. మీరే చెప్పేవారు" అని కలిపారు.

బావ పడక్కుర్చీలోంచి లేవలేడు. కూర్చునే అడిగాడు. "మరి పోలమ్మ మొగుడిదేటి?"

"అదీ కర్మే."

"పక్కూరోళ్ళది? దానెనక ఊరోళ్ళది? పోయిన జన్మలో ఉద్దానమంతా కూడబలుక్కుని ఒకే పాపం సేసిందేటి? సేసి, మరలా అందరం ఇక్కడే పుట్టేమేటి, విడిపోకుండా?"

సిద్ధాంతిగారు మళ్ళీ వేళ్ళు లెక్కపెట్టబోయారు.

"క కాడ ఆగినోడు ఋషి సిద్ధాంతిగారూ. కర్మ దాకా లాగినోడు బ్రోకరు. ఎళ్ళండి."

సిద్ధాంతిగారు ఉత్తరీయం సర్దుకుని వెళ్ళిపోయారు. అప్ప ఆయన కోసం తెచ్చిన మజ్జిగ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. "పెద్దాయన్ని అలాగంటారా? సేయిత్తే ఏటి పోతాది?" అంది. ఆమె మొగుడు బతకాలని ఆమెకి ఉంది. అది శాంతి వల్లయితేనేం, మిషను వల్లయితేనేం. ఆ మాట తప్పని నేనన్లేను, ఇప్పటికీ అనను.

బావ ఆమెని దగ్గరికి రమ్మన్నాడు. గొంతు తగ్గించాడు. "ఇలాగిను. ఈయేళ కర్మంటే నాది. రేపు నేను పోయేక ఇదే నోటితో నీ కర్మంటారు. నీ మెళ్ళో పసుపుతాడు బలం సాల్లేదంటారు. నువ్వు నమ్మీత్తావు. అప్పుడు నా సావుకి నువ్వు కారణం అయిపోతావు. అందుకే కసిరేను. ఎవరేటడిగినా ఏటో తెల్దు అను. అది నిజం."

అప్ప మజ్జిగ ఆయనకిచ్చింది. డాక్టర్లు నీళ్ళకి కూడా కొలత పెట్టిన మనిషికి అంత మజ్జిగ పనికిరాదని ముగ్గురికీ తెలుసు. ఆయన ఒక్క గుక్క తాగి, తక్కింది నా చేతికిచ్చాడు.

చలికాలం వెళ్ళేసరికి బావ పోయాడు. ఏ బృందమూ ఏ జవాబూ తేలేదు. ఆయన కోరింది దక్కలేదు.

పదకొండో రోజున ఇంటినిండా చుట్టాలు. పోలమ్మ కూడా వచ్చి గోడవార కూర్చుంది. అప్ప అన్ని రోజులూ ఎవరేం చెప్పినా తలాడిస్తూ కూర్చుంది. మా దూరపు చుట్టం ఒకావిడ ఆమె చెయ్యి పట్టుకుని, మంచి మనసుతోనే, "ఏటి సేత్తాం తల్లీ, నీ కర్మ" అంది.

అప్ప చెయ్యి వెనక్కి తీసుకుంది.

"కర్మేటి?" అంది. "ఏటో ఇంకా తెల్దు."

గోడవార పోలమ్మ తలెత్తి అప్పని చూసింది. పైట చెంగుతో మొహం గట్టిగా తుడుచుకుని, "అవునమ్మా, తెల్దు" అంది. అప్ప లేచి వంటింట్లోకి వెళ్ళి, పొద్దున్నించీ ఎండలో తిరుగుతున్న నాకు గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది. మా రెండిళ్ళకీ ఉమ్మడిగా ఉన్న పెరటి నూతి నీళ్ళే. ఆ నీళ్ళు తాగే నేను పెరిగాను, వాటితోనే అప్ప బావకి ఇన్నేళ్ళూ అన్నం వండింది. గ్లాసు పట్టుకుని లోపలికి చూస్తూ ఉండిపోయాను.

"ఏటి, అలాగ సూత్తన్నావు?" అంది అప్ప. "తాగు తమ్ముడా. ఏటి నీళ్ళు వచ్చీదాకా మనకియ్యే."

తాగాను. తియ్యగానే ఉన్నాయి.